పాత ఐరిష్ హర్లింగ్ నేర్చుకుందాం – 3వ పాఠం: దొర్లే బంతిని కొట్టడం

హర్లింగ్ అంటే కర్రతో బంతిని కొట్టే ఐరిష్ జట్టు ఆట. గత పాఠంలో కర్ర పట్టడం చూశాం: బలమైన చేయి పైన, రెండోది కింద. ఇప్పుడు బంతి దగ్గరికి వద్దాం.

ఈనాటి ఆటగాడు బంతిని చేతిలోకి తీసుకుని, ఎగరేసి కొడతాడు. పూర్వం ఐర్లండ్ ఉత్తర ప్రాంతంలో చలికాలపు ఆట వేరు. సన్నటి కర్ర, గట్టి బంతి, చేత్తో ముట్టుకోకూడదు. దక్షిణాన వేసవిలో వెడల్పు కర్రతో, పశువుల వెంట్రుకలతో చేసిన మెత్తని బంతితో ఆడేవారు. అక్కడ బంతిని చేత్తో పట్టొచ్చు, కర్ర మీద మోసుకుంటూ పరుగెత్తొచ్చు. 1884లో థర్లెస్ పట్టణంలో పుట్టిన ఐరిష్ ఆటల సంఘం, గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, దక్షిణాది పద్ధతినే ఎక్కువగా తీసుకుంది. అయినా మనం నేల ఆటతోనే, అంటే బంతిని చేత్తో ముట్టకుండా నేల మీదే కొట్టడంతోనే మొదలుపెడదాం. అది రాకపోతే పాత ఆట రానట్టేనని నా గట్టి అభిప్రాయం. ఐర్లండ్‌లోని ఆంగ్లేయుల కోసం చేసిన 1366 నాటి కిల్‌కెన్నీ చట్టాలు నిషేధించింది కూడా పెద్ద కర్రలతో నేల మీద బంతి కొట్టే ఆటనే.

ముందు హెల్మెట్ పెట్టుకోండి. పాతవాళ్లకు అది లేదు, మనకు తప్పదు.

బంతి వచ్చే దారికి పక్కగా నిలబడి మోకాళ్లు వంచండి. బంతి ముందుపాదానికి ఎదురుగా వచ్చేసరికి రెండు చేతులూ పిడి పైభాగంలో కలిసిపోవాలి. కర్రను నడుము ఎత్తు నుంచే దింపండి. దాని వెడల్పు కొస కొడవలిలా గడ్డిని రాసుకుంటూ పోవాలి. చూపు బంతి మీదే ఉండాలి. ఎటు వెళ్లిందో చూద్దామని తల ముందే ఎత్తితే కర్ర బంతి పైనుంచి పోతుంది. కొత్తవాళ్లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

బంతిని ఆపి కొట్టకండి. 1887 తొలి అఖిల ఐర్లండ్ పోటీల్లో జట్టుకు 21 మంది. అంత గుంపులో బంతి ఆగిందంటే నాలుగు కర్రలు దాని మీద పడతాయి. వచ్చింది వచ్చినట్టే కొట్టేవాడికే దారి దొరుకుతుంది.

ఈ వారం టెన్నిస్ బంతి చాలు. ఎవరినైనా పది అడుగుల దూరం నుంచి మెల్లగా దొర్లించమనండి. కుడివైపు కుదిరాక ఎడమవైపు కూడా కొట్టండి. అటు కష్టమే, వదలకండి. వచ్చే పాఠంలో ఇద్దరు ఒకే బంతి మీద కర్ర వేసినప్పుడు ఏం చేయాలో చూద్దాం. దానికి రెండు వైపులా కొట్టడం వచ్చి ఉండాలి.