పిల్లల్ని తీస్కొని దుబాయ్ వచ్చేటోళ్లు జర పైలం

సంక్రాంతి దాటిందంటే చాలు జడ్చర్ల నుంచి, దేవరకొండ నుంచి నాకు ఫోన్లు మొదలైతయ్, "అక్కా, మా ఆయన ఈసారి మమ్మల్ని గూడ తీస్కపోతా అంటుండు, ఏమేం సర్దుకోవాలె" అని. సర్దుడు తర్వాత, ముందుగాల పాస్‌పోర్ట్ తీసి సర్‌నేమ్ అన్న గడి చూడుండ్రి. మనోళ్లల్ల శానామందికి అది ఖాళీ ఉంటది, ఇంటిపేరు రాసేటోడు రాయలే, అడిగేటోడు అడగలే. 2022 నవంబర్ నుంచి ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్ట్‌తో విజిట్ వీసా మీద యూఏఈల దిగనిస్తలేరు, మన ఆడోళ్లేమో శానామంది ముందు విజిట్ మీదనే వస్తరు. టికెట్ తీసినంక తెలిస్తే పైసలు పోయినట్టే, పాస్‌పోర్ట్ మార్పిచ్చుకోనికి టైం పడ్తది.

రెండోది పెండ్లి సర్టిఫికెట్. మాది అక్కడనే బెడిసింది. దాంట్ల నా పేరు మా నాయిన ఇంటిపేరుతోని ఉంది, పాస్‌పోర్ట్‌ల మా ఆయన ఇంటిపేరుతోని, ఏజెంట్‌నేమో అడిగితే "ఏం కాదు మేడం అయిపోతది" అన్నడు, నెల దాక తిరిగొచ్చుడే సరిపోయింది. కాగితం మీద రాష్ట్రం స్టాంపు, ఢిల్లీ విదేశాంగ శాఖ స్టాంపు, ఆ తర్వాత యూఏఈ ఎంబసీ స్టాంపు పడాలె, ఇక్కడికొచ్చినంక మళ్ల ఇంకోటి. సౌదీకి, ఒమాన్‌కు అపోస్టిల్ నడుస్తది, అంటే దేశాల మధ్య ఒప్పందం మీద ఢిల్లీ స్టాంపు ఒక్కటే చెల్లుతది, యూఏఈ ఆ ఒప్పందంల లేదు కాబట్టి "మా మరిదికి ఒక్క స్టాంపుతోనే అయింది" అని ఎవరన్న చెప్తే మరిది యే దేశం పోయిండో అడుగుండ్రి. పిల్లల బర్త్ సర్టిఫికెట్లకు గూడ ఇదే కథ. అక్షరం తేడా ఉన్నా మన దగ్గర ఉన్నప్పుడే సాఫు చేయించుకోండ్రి, ఇక్కడి నుంచి మున్సిపాలిటీ చుట్టు తమ్ముణ్ని తిప్పుడు నరకం.

స్కూల్ సంగతి జర నిమ్మలంగ చదువుండ్రి, అందరు తప్పు చేసేది ఇక్కడనే. ఇక్కడి సీబీఎస్ఈ స్కూళ్లల్ల కొత్త క్లాస్ ఏప్రిల్‌ల షురూ అయితది. మన దగ్గరనేమో ఏప్రిల్ ఆఖరికి సెలవులిచ్చి జూన్ 12కు తెరుస్తరు. ఎండకాలం సెలవులల్ల అమ్మమ్మ ఇంటికాడ తిరిగి, మామిడికాయ తొక్కు పెట్టుకోని, జూన్‌ల దిగుతరు. దిగేసరికి ఇక్కడ రెండు నెలల పాఠాలు అయిపోయుంటయ్, సీట్ దొరికినా జూలై ఆగస్టు మళ్ల సెలవులే, పిల్లగాడు దోస్తులు లేక ఏసీ కింద గోడలు చూసుకుంట కూసుంటడు. కుదిరితే మార్చిల రాండ్రి, కాకుంటే ఆగస్టు నెలాఖరుకు. టీసీ మీద డీఈఓ సంతకం అడుగుతరు, ఇంకేం కావాలెనో చేరే స్కూల్‌నే ముందుగ అడిగి రాయించుకోండ్రి.

"మాకు ఎండలు కొత్తనా అక్కా, పాలమూరోళ్లం" అంటరు. కొత్తనే. మన దగ్గర మాపటికి ఇంత గాలి తిరుగుతది, ఇక్కడ సముద్రం ఉక్క, జూలైల రాత్రి పదింటికి గూడ అంగి తడిసిపోతది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాక బయట ఎండల పని చేయించొద్దని సర్కారే రూల్ పెట్టింది, పని చేసే మొగోళ్లకే అట్లుంటే చంకల పిల్లనేసుకోని ఆ టైంల కూరగాయలకు పోవుడు ఎందుకు చెప్పుండ్రి.

సూట్‌కేస్‌ల గసగసాలు పెట్టకుండ్రి. నవ్వుతరు గని, ఇక్కడ అది మత్తుపదార్థాల కింద లెక్క, జైలు దాక పోయే ముచ్చట. అత్తమ్మ ప్రేమతోని దంచి ఇచ్చిన మసాల పొడిల గూడ ఉంటది, అడిగి మరీ తీపిచ్చుండ్రి. గుట్కా వద్దు. గోలీలైతే డాక్టర్ చీటీతోనే, ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్పులసొంటివి ముందు పర్మిషన్ లేకుండ తేవద్దు, మెడికల్ షాపాయన ఇచ్చిండని సంచిల వేసుకుంటే ఆయనొచ్చి విడిపించడు.

ఇల్లు మాత్రం చూడకుంట ఒప్పుకోకుండ్రి. మీ ఆయన షేరింగ్ రూంల ఉండి ఉండి అదే అలవాటై, చెక్క అడ్డం పెట్టిన పార్టిషన్ చూపెట్టి "కొన్ని రోజులు" అంటడు. చెక్కింగ్ వచ్చిందంటే ఉన్నపాటున ఖాళీ చేయిస్తరు, పిల్లలతోని ఎటు పోతరు? కిరాయి కాగితం మీ ఆయన పేరు మీద ఉందా, దుబాయ్‌లైతే ఇజారీ, అంటే ఆ కాగితం సర్కారు దగ్గర రిజిస్టర్, అయిందా అడుగుండ్రి. షార్జాల కిరాయి తక్కువ, నిజమే, గని దుబాయ్‌ల డ్యూటీ అయితే పొద్దున మాపున ట్రాఫిక్‌లనే ఆయన బతుకు పోతది.

ఇంకోటి, "మా ఆయన చూస్కుంటడు" అన్న మాట. ఆయన ఉంటది పన్నెండు గంటలు డ్యూటీల. కుటుంబాన్ని పిలిపియ్యాలంటే నెలకు 4,000 దిర్హాంలు, లేదా 3,000తో పాటు ఇల్లు ఉండాలె, మన వీసా ఆయన వీసాకే ముడివడి ఉంటది, ఆయన ఉద్యోగం పోతే మనదీ పోతది. అందుకే వీసా, ఎమిరేట్స్ ఐడీ, ఇన్సూరెన్స్ కార్డు, కిరాయి కాగితం అన్నీ మీ ఫోన్‌ల గూడ ఉండాలె. ఒక బ్యాంక్ అకౌంట్ మీ పేరు మీద వేరే ఉండాలె, మనిషికి ఏమన్నా అయితే ఆయన అకౌంట్ ఆపేస్తరు, అపశకునం మాట అనుకోకుండ్రి, చూసిన కాబట్టి చెప్తున్న. పోలీస్ 999, అంబులెన్స్ 998, మనోళ్ల సహాయ కేంద్రం 800 46342, ఇవి పిల్లలకు గూడ నేర్పుండ్రి. మన బ్యాంక్ నంబర్‌కు ఓటీపీలు వస్తయ్ కాబట్టి ఇండియా సిమ్ పడేయకుండ్రి, అకౌంట్‌ను ఎన్ఆర్ఓ, అంటే బయటి దేశంల ఉండేటోళ్ల ఖాతా, చేయిచ్చుకోవాలె.

వాట్సాప్‌ల నోరు అదుపుల పెట్టుకోవాలె, తిట్టిన వాయిస్ మెసేజ్ మీద కేసులైతయ్. ఊర్ల గుడికని గ్రూపుల చందాలు వసూలు చేసుడు గూడ నేరమే ఇక్కడ. బతుకమ్మ కాడ పక్కోళ్ల ఫోటో అడగకుంట తీయొద్దు.

వాట్సాప్ కాల్ ఇక్కడ కలవది, బోటిమ్ అని ఒక యాప్ వాడుతరు. అది మీ అమ్మ ఫోన్‌ల, అత్తమ్మ ఫోన్‌ల మీరే ఎక్కిచ్చి, పక్క అర్రల నుంచి నాలుగు సార్లు చేసి, పచ్చ గుర్తు ఎక్కడొత్తాలెనో చూపెట్టి రాండ్రి. మా అమ్మకు చూపెట్టకుంట వచ్చిన, మొదటి పదిహేను రోజులు వీడియోల నాకు అమ్మ చెవే కనపడ్డది.