పాత బుల్లెట్ గేర్‌బాక్స్ విప్పే ముందు జాగ్రత్తలు

పూర్తిగా విప్పి తిరిగి కూర్చిన ఇనుప ఇంజన్ బుల్లెట్ 350ని దూరప్రయాణానికి తీసేముందు గేర్లు మొరాయిస్తున్నట్లయితే, ఈ వరుసలో పరీక్షించడం మంచిది.

• క్లచ్ సరిగా విడిపోతోందని తేల్చుకోకుండా గేర్‌బాక్స్‌ను విప్పవద్దు. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ లివర్ పూర్తిగా నొక్కి కిక్ కొట్టినప్పుడు ఇంజన్ కూడా తిరిగితే క్లచ్ ప్లేట్లు అంటుకుంటున్నట్టే. లివర్ వదిలి కొట్టినా ఇంజన్ తిరగక కిక్ జారిపోతే క్లచ్ జారుతోందని అర్థం. చాలా బండ్లలో గేర్‌బాక్స్ మీద పడే నింద నిజానికి క్లచ్‌దే.

• లివర్ నొక్కి కిక్ కొట్టే అదే పరీక్షలో ప్రెజర్ ప్లేటు (క్లచ్ ప్లేట్లను నొక్కిపట్టే పై ప్లేటు) వంకరగా ఊగితే స్ప్రింగ్ స్క్రూలను సరిచేయాలి, ఎందుకంటే ఒకవైపే లేచే ప్లేటు కేబుల్ ఎంత బిగించినా విడిపోదు.

• క్లచ్ కేబుల్‌కు 2-3 మి.మీ. ప్లే (వదులు) ఉంచండి; అసలు లేకపోతే ప్లేట్లు కాలిపోతాయి.

• ప్రైమరీ చెయిన్ కేసులో (ఇంజన్‌ను క్లచ్‌తో కలిపే చెయిన్ ఉండే పెట్టెలో) రాపిడి తగ్గించే సంకలితాలున్న కారు ఆయిల్ పోయవద్దు, కొత్త ప్లేట్లు సైతం జారతాయి.

• గేరు ఒకవైపు (పైకి లేదా కిందికి) మార్చేటప్పుడు చక్కగా పడి, రెండో వైపు మార్చేటప్పుడు మధ్యలో న్యూట్రల్‌గా జారితే, పళ్ళ చక్రాలను అనుమానించే ముందు బయటి కవర్ లోపలి గేరు మార్పిడి సర్దుబాటు ప్లేటును కాస్త జరిపి చూడండి.

• మడమతో నొక్కి నేరుగా న్యూట్రల్‌కు తెచ్చే లివర్ మొదటి గేరు నుంచి పనిచేయదు; అది లోపం కాదు, తయారీయే అంత.