నిరాశను సమీక్షగా రాయడం, 3వ పాఠం: కోత వేరు, తెంపు వేరు

సినిమా చూసి వచ్చిన రాత్రే, కోపం చల్లారకముందే, తిట్లన్నీ ఒక కాగితం మీద పెట్టమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ కాగితం తీయండి. నాదీ తీస్తాను. 2005 నాటిది. హ్యారీ పోటర్ నాలుగో సినిమా చూసి, నెక్లెస్ రోడ్డు నుంచి ఇంటిదాకా తమ్ముడితో ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి రాసింది. వాడు పుస్తకం చదవలేదు. "బానే ఉంది కదక్కా" అన్నాడు, అదీ నా టెన్షన్. నేనేమో ఆ పుస్తకాన్ని అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద బేరమాడి కొని, అట్ట ఊడేదాకా చదివినదాన్ని.

కాగితంలో మొదటి వాక్యం: "అంతా నాశనం చేశారు." దీన్ని కొట్టేయండి. చదివినవాళ్లకు ఇందులో కొత్త సంగతి లేదు, మా తమ్ముడిలాంటి వాళ్లకు అసలేమీ అందదు. ఇవాళ ఆ "అంతా"ని విడదీద్దాం.

ముందు చిన్న లెక్క. పుస్తకంలో 37 అధ్యాయాలు, సినిమా 157 నిమిషాలు. అధ్యాయానికి నాలుగు నిమిషాల చిల్లర. అబిడ్స్ నుంచి కోఠీకి నడిచేలోపు మూడు అధ్యాయాలు అయిపోవాలన్నమాట. కోత తప్పదు. మంత్రగాళ్ల ఇళ్లలో చాకిరీ చేసే ఎల్ఫ్ వింకీ లేదు, ఎల్ఫ్‌ల హక్కుల కోసం హ్యారీ స్నేహితురాలు హెర్మయనీ పెట్టిన సంఘం లేదు, చీపుర్ల మీద ఎగురుతూ ఆడే క్విడిచ్ ప్రపంచ కప్ మ్యాచ్ మొదలవుతూనే ముగిసింది. బాధే. కానీ వీటి పక్కన "కోత" అని రాసి ముందుకు వెళ్లండి.

మిగిలిన ప్రతి ఫిర్యాదునూ ఒక ప్రశ్న అడగాలి: ఆ సన్నివేశం పుస్తకంలో ఏ పని చేస్తోంది? సినిమాలో ఆ పని ఇంకెవరైనా చేశారా? ఎవరూ చేయకపోతే అది తెంపు.

నా కాగితంలో మూడు గీతలు పడ్డ ఫిర్యాదు గిల్లీవీడ్. మంత్రాల పోటీలో సరస్సులోకి దిగాల్సిన హ్యారీకి, నీళ్లలో గంటసేపు ఊపిరి ఆడేలా చేసే ఆ మొక్కను పుస్తకంలో డాబీ అనే ఎల్ఫ్ తెచ్చిస్తాడు, సినిమాలో తోటి విద్యార్థి నెవిల్ ఇస్తాడు. మళ్లీ పుస్తకం తెరిచి చూశాను. ప్రొఫెసర్ వేషంలో ఉన్న విలన్ మొక్కల పుస్తకాన్ని నెవిల్ చేతిలో పెట్టిందే హ్యారీ వెళ్లి అతన్ని అడుగుతాడని. హ్యారీ అడగలేదు కాబట్టి కథ చుట్టు తిరిగి డాబీ దగ్గరికి వెళ్లింది. సినిమా దగ్గరి దారి పట్టింది, అంతే. మూడు గీతలూ కొట్టేశాను. కొంచెం సిగ్గేసింది కూడా.

"పుస్తకంలో లేదు" అన్న ఫిర్యాదుతో మరీ జాగ్రత్త. వ్యాస భారతంలో శశిరేఖా పరిణయం లేదు. 1957 నాటి మాయాబజార్‌లో పాండవులు తెర మీదికే రారు. మన ఇళ్లలో ఎవరైనా అలిగారా?

ఇప్పుడు తెంపు. మూడో సినిమా, 2004. హ్యారీ చేతికి ఒక మాయ మ్యాపు వస్తుంది. దాన్ని తయారుచేసినవాళ్లవి నాలుగు మారుపేర్లు. ఆ నలుగురిలో ఒకరు హ్యారీకి పాఠాలు చెప్పే లూపిన్, ఒకరు హ్యారీ నాన్న అని, నాన్న దుప్పి రూపం ఎత్తేవాడని పుస్తకం చెబుతుంది. సినిమా చెప్పదు. మ్యాపు సంగతి లూపిన్‌కి ఎలా తెలుసు? హ్యారీ తనను కాపాడుకోవడానికి వేసే మంత్రం దుప్పిగానే ఎందుకు వెలుగుతుంది? రెండు ముళ్లూ విప్పకుండానే తెర పడింది. రెండు నిమిషాల మాటలతో తీరేది. ఆ రోజు మా తమ్ముడు "దుప్పి ఎందుకక్కా?" అనే అడిగాడు. చదవనివాడి నోట ప్రశ్న వచ్చిందంటే మీ కోపానికి సాక్షి దొరికినట్టే.

రాసేటప్పుడు ఇలా: "మ్యాపు గీసిందెవరో సినిమా చెప్పదు. అందుకే సరస్సు ఒడ్డున దుప్పి వెలిగినప్పుడు చదివినవాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి, పక్క సీటువాళ్లకు అదొక అందమైన జంతువు." తిట్టు ఒక్కటి కూడా లేదు, చూడండి.

నాలుగో సినిమాలో బడి పెద్ద డంబుల్‌డోర్ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పోటీకి పేర్లు వేసే గోబ్లెట్‌లో (పాత్రలో) నీ పేరు నువ్వే వేశావా అని పుస్తకంలో ఆయన హ్యారీని ప్రశాంతంగా అడుగుతాడు. సినిమాలో మీదికి దూసుకొచ్చి పట్టి కుదిపేస్తాడు. గదిలో మిగతా పెద్దలు మండిపడుతుంటే ఈయన ఒక్కడూ నిదానంగా ఉండటం వల్లే పిల్లాడికి ఒక దిక్కుందని మనకు తెలుస్తుంది. సినిమాలో ఆ దిక్కు పోయింది. ఇది కోతా, తెంపా? నేను తెంపు అంటాను. మా తమ్ముడు ఇప్పటికీ ఒప్పుకోడు.

ఇంటిపని: మీ కాగితంలో తెంపు అని తేలినవాటిలో ఒక్కదాన్ని పట్టుకుని ఐదు వాక్యాలు రాయండి. మొదటి రెండింటిలో పుస్తకంలో ఆ సన్నివేశం చేసే పని, తర్వాతి రెండింటిలో తెర మీద కనిపించింది, చివరిదాంట్లో దానివల్ల చూసేవాడికి తగ్గింది. రాశాక పుస్తకం చదవనివాళ్లకు వినిపించండి. మధ్యలో వాళ్లు "అంటే?" అని ఆపిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, నాలుగో పాఠం అక్కడ మొదలుపెడదాం.