సైట్ బిల్డర్ (వెబ్‌సైట్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు సపోర్ట్‌కు ఫిర్యాదు టికెట్ పెట్టేముందు

ఏదో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో సైట్ తయారుచేసి వేరే హోస్టింగ్‌లో (సైట్ ఉంచడానికి సర్వర్ అద్దెకిచ్చే చోట) పెడితే, ఏ తేడా వచ్చినా హోస్టింగ్ వాళ్లు "మా సర్వర్ బాగానే ఉంది, సాఫ్ట్‌వేర్ వాళ్లనడగండి" అంటారు. అక్కడ అడిగితే మళ్లీ ఇటే పంపిస్తారు. ఈ టెన్షన్ తగ్గాలంటే ముందు నోట్‌ప్యాడ్‌లో ఒక్క వాక్యంతో హెచ్‌టీఎంఎల్ ఫైల్ చేసి, ఫైళ్లను సర్వర్‌కు పంపే ఫైల్‌జిల్లా ప్రోగ్రామ్‌తో ఎక్కించి బ్రౌజర్‌లో తెరవండి. తెరుచుకుంటే డొమైన్, ఫోల్డర్ సరిగ్గా ఉన్నట్టే; ఇక సాఫ్ట్‌వేర్ పబ్లిష్ సెట్టింగులు చూసుకోవచ్చు.

బొమ్మలు మాత్రమే రాకపోతే ఫైల్ పేర్లు చూడండి. విండోస్ పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాలకు తేడా చూడదు, లైనక్స్ సర్వర్ చూస్తుంది. మీ కంప్యూటర్లో చక్కగా కనిపించిన ఫోటో అక్కడ మాయమయ్యేది చాలాసార్లు ఇందుకే. పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకుంటే సగం గొడవ ఉండదు.

చూసేవాళ్లు వివరాలు నింపి పంపే ఫారాల సంగతి వేరు. పేజీ కనిపించినా ఫారం పనిచేయాలంటే సర్వర్‌లో దానికి తగ్గ ప్రోగ్రామ్ ఉండాలి. అప్పట్లో మైక్రోసాఫ్ట్ ఫ్రంట్‌పేజ్ అనే సైట్ తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఫారాలు, హిట్ కౌంటర్లు (ఎన్నిసార్లు చూశారో లెక్కపెట్టేవి) హోస్ట్ దగ్గర దాని సర్వర్ ఎక్స్‌టెన్షన్లు అనే అదనపు ప్రోగ్రామ్‌లు ఉంటేనే నడిచేవి. ఇప్పుడు వెబ్‌ఫ్లో అనే సైట్ బిల్డర్ నుంచి కోడ్ ఎక్స్‌పోర్ట్ చేసి బయట పెట్టినా దాని ఫారాలు పనిచేయవు. విక్స్ అనే ఇంకో సైట్ బిల్డర్ అయితే సైట్‌ను బయటి హోస్టింగ్‌కు తీసుకెళ్లనివ్వదు, అడిగి లాభం లేదు.

ప్లాన్ కొనేముందే సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ రాసి "ఇందులో ఫారం నడుస్తుందా?" అని మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన జవాబు తర్వాత ఎవరికీ గుర్తుండదు.