పోలరాయిడ్‌ని 4×5 గా మార్చిన కెమెరా, చేత్తో పట్టుకుని తీయడం ఎలాగంటే

మాది పర్లాకిమిడి. ఇక్కడ కొమ్ముతో బొమ్మలు చేసే పెద్దాయన ఒకరున్నారు, నేను పెద్దనాన్నా అనే పిలుస్తాను, ఆయన పన్లో ఉండగా ఫొటో తీద్దామని ట్రైపాడ్ వేస్తే చాలు, చెయ్యి ఆపేసి బిగుసుకుపోయి కూర్చునేవారు. అందుకే నాకు ఈ కెమెరా కావలసొచ్చింది. ఇది పాత పోలరాయిడ్ 110బి, 1960ల మొదట్లోది, దానికి వేసే రోల్ ఫిలిం 1992లోనే ఆగిపోయింది, అందుకని వెనక భాగం తీసేసి 4×5 అంగుళాల షీట్ ఫిలిం (చుట్టలా కాకుండా విడి షీట్లుగా వచ్చేది) పెట్టుకునే హోల్డర్ పట్టే బ్యాక్ బిగించారు. లెన్స్ మాత్రం దాన్దే, రోడెన్‌స్టాక్ ఇసారెక్స్ 127 ఎంఎం, ఎఫ్ 4.7. మామూలు 35 ఎంఎం కెమెరాలో 36 ఎంఎం లెన్స్ చూపించినంత వెడల్పు ఇందులో వస్తాది.

కెమెరా చేతికి రాగానే ఫిలిం పెట్టీకండి, ముందు రేంజ్‌ఫైండర్, అంటే రెండు బొమ్మలు ఒకటి చేసి ఫోకస్ కుదిరిందో లేదో చెప్పే కిటికీ, చూసుకోవాలి. బ్యాక్ మార్చేసరికి ఫిలిం కూర్చునే చోటు మారిపోతాది కదా, రేంజ్‌ఫైండర్ మళ్లీ సరిచేయకపోతే అది చెప్పేదొకటి, ఫిలిం మీద పడేదొకటి. ట్రైపాడ్ మీద పెట్టి, షట్టర్ బి (నొక్కినంతసేపూ తెరిచుండేది) మీద ఉంచి కేబుల్ రిలీజ్‌తో తెరిచి, గ్రౌండ్ గ్లాస్ (ఫిలిం చోట బొమ్మ పడే గరుకు గాజు) మీద భూతద్దంతో చూస్తూ ఊరవతల కొండ మీద సెల్ టవర్‌కి ఫోకస్ చేయండి, అప్పుడు రేంజ్‌ఫైండర్‌లో రెండు బొమ్మలూ ఒకటవ్వాలి. తర్వాత టేపుతో కొలిచి 2 మీటర్ల దగ్గర కూడా అలాగే చూడండి, ఈ రెండోది చాలామంది వదిలేస్తారు గానీ మనుషుల్ని తీసేది ఆ దూరంలోనే. హోల్డర్‌లో ఫిలిం కూర్చునే లోతు సుమారు 5 మిల్లీమీటర్లు, గ్రౌండ్ గ్లాస్ గరుకు వైపు కూడా సరిగ్గా ఫిలిం ఉండే చోటే ఉండాలి, లేకపోతే ఎంత సరిచేసినా దండగే. బెలోస్, అంటే లెన్స్ వెనక మడతల గొట్టం, సంగతికొస్తే, రాత్రి లైట్లన్నీ ఆపేసి వెనక నుంచి టార్చి పెట్టి మడతల మూలలు చూడండి, చుక్కలా వెలుగు కనిపిస్తే అక్కడ చిల్లున్నట్టే.

ఫిలిం నింపడం రాత్రి పూటే చేసుకోండి. మే నెలలో మన గదుల్లో పదినిమిషాలకే చేతులు తడిసిపోతాయి, ఫ్యానేస్తే దుమ్ము లేస్తాది, అందుకే పక్కన పొడి తువ్వాలు పెట్టుకుంటాను. షీటు నిలువుగా పట్టుకుంటే అంచు మీదున్న గాట్లు పై కుడి మూలకి తగలాలి, అప్పుడు ఎమల్షన్, అంటే బొమ్మ పడే మందు పూసిన వైపు, మీ వైపు ఉన్నట్టు. హోల్డర్‌లో ఫిలిం మీద వెలుగు పడకుండా కప్పే పలకే డార్క్ స్లైడ్, దాని తెల్ల అంచు బయటికుంటే కొత్త ఫిలిం, నల్ల అంచుంటే తీసేసింది, ఈ అలవాటు ఒక్కసారి కూడా తప్పకండి.

ఇప్పుడు అసలు విషయం. షీట్లు పాడయ్యేది లెన్స్ వల్ల కాదు, చేతి వరస తప్పడం వల్ల. గ్రౌండ్ గ్లాస్ చూసి షట్టర్ మూయడం మర్చిపోయి స్లైడ్ లాగేసి పెద్దనాన్న మంచి నవ్వు ఒకటి పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధే. వరస ఏటంటే, షట్టర్ మూసుందా చూడు, స్పీడూ అపెర్చరూ పెట్టు, ఆ తర్వాతే కాక్ చెయ్యి (షట్టర్ స్ప్రింగు బిగించు), హోల్డర్ పూర్తిగా కూర్చుందా నొక్కి చూడు, లెన్స్ వైపున్న స్లైడే లాగు, ఫోకస్, క్లిక్, వెంటనే నల్ల అంచు బయటికొచ్చేలా స్లైడ్ వేసెయ్యి. నేను దీన్ని నోటితో అనుకుంటూనే చేస్తాను. లాగిన స్లైడ్ చంకలో పెట్టకండి, చెమట అంటుతాది, కెమెరా వెనక రబ్బరు బ్యాండేసి అందులో దోపండి.

ఫోకస్ దగ్గర ఓపిక కావాలి. 2 మీటర్ల దూరంలో ఎఫ్ 4.7 పెడితే స్పష్టంగా వచ్చేది జానెడే, ఎఫ్ 11 పెడితే మూరెడు పైన వస్తాది. ఊపిరి తీసుకుని మీరు కాస్త ముందుకి ఒరిగినా, అవతలి మనిషి వంగినా జానెడు ఎగిరిపోతాది. అందుకే గోడకో స్తంభానికో వీపు ఆనించి, ఎడమ అరచెయ్యి కింద పెట్టి, మోచేతులు పక్కటెముకలకి నొక్కి పట్టుకోండి, కెమెరా కిలోన్నర పైనే ఉంటాది మరి. ఫోకస్ చేశాక మాటల్లో పెట్టి వేలు షట్టర్ మీదే ఉంచండి. కొమ్ముని ఆకురాయితో రాస్తున్నప్పుడు ఆయన ముందుకీ వెనక్కీ ఊగుతారు, నేను ముందుకొచ్చే చోటుకి ముందే ఫోకస్ పెట్టుకుని ఆయన అక్కడికి వచ్చేదాకా ఆగుతాను. వ్యూఫైండర్ ఫ్రేము పాత చిన్న పోలరాయిడ్ బొమ్మకి చేసింది, మార్చకపోతే ఫిలిం మీద కనిపించినదానికంటే ఎక్కువే పడతాది, నిండుగా పట్టినా తల తెగదు.

ఎక్స్‌పోజర్ కి ఐఎస్ఓ 400 ఫిలిం, హెచ్‌పీ5 లాంటిది చాలు. నిండు ఎండలో 1/300, ఎఫ్ 16. ఆరుబయట నీడలో 1/125, ఎఫ్ 11. అరుగు లోపలైతే 1/125 కే ఎఫ్ 5.6. అంతకంటే నెమ్మదైన స్పీడు చేత్తో తీయకండి. పాత షట్టర్ కదా, బయల్దేరే ముందు ఖాళీగా పదిసార్లు కొట్టండి.

డెవలప్‌మెంట్ ఇంట్లోనే, డీ-76 డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు, వేసవిలో కుళాయి నీళ్లు అంత చల్లగా రావు కాబట్టి ఐసు బాటిల్ బకెట్‌లో వేసుకోవాలి. ప్రింటుకి ఎన్‌లార్జర్ కూడా అక్కర్లేదు, నెగెటివ్‌ని పేపర్ మీద పెట్టి పైన గాజుపలక నొక్కి బల్బు వెలిగిస్తే అరచేతంత బొమ్మ వచ్చీస్తాది. మొదటిది పెద్దనాన్నకే ఇచ్చాను, పనిముట్ల పెట్టె మూతకి లోపలివైపు అంటించుకున్నారు.