ఆపద్ధర్మ క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకునే ముందు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు అయిపోయిన ఆటగాళ్లను ఏ జట్టయినా తీసుకోగల సమయం) మార్చి మధ్యలో మొదలవుతుంది, డ్రాఫ్ట్ (కాలేజీ కుర్రాళ్లను జట్లు వరసగా ఎంచుకునేది) ఏప్రిల్ చివర్లో. డ్రాఫ్ట్‌లో మంచి కుర్రాడు దొరుకుతాడో లేదో, దొరికినా మొదటి మ్యాచ్‌కి సిద్ధమవుతాడో లేదో ఎవరికీ తెలియదు. అందుకే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు ఆట నడిపేవాడు) లేని జట్లు ఈ ఆరు వారాల్లో కంగారుపడి ఎవరో ఒక సీనియర్‌ని తెచ్చుకుంటాయి. ఎన్నికలయ్యేదాకా ఆపద్ధర్మ ముఖ్యమంత్రి ఉన్నట్టు.

మరి ఆపద్ధర్మ ముఖ్యమంత్రి చేతికి ఐదేళ్ల బడ్జెట్ ఇవ్వరు కదా! 2024 మార్చిలో అట్లాంటా ఫాల్కన్స్ దాదాపు ఆ పనే చేసింది. అప్పటికి అయిదు నెలల కిందటే మడమ వెనకుండే అకిలిస్ టెండన్ తెగిన 35 ఏళ్ల కర్క్ కజిన్స్‌కి నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్లు రాసిచ్చింది, అందులో 10 కోట్లు గ్యారంటీ, అంటే అతన్ని వదిలేసినా ఇవ్వాల్సిందే. ఆరు వారాలు తిరిగేసరికి డ్రాఫ్ట్‌లో 8వ స్థానంలో మైకేల్ పెనిక్స్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. డిసెంబర్‌కల్లా కజిన్స్ బెంచీ మీద కూర్చున్నాడు. అదే కజిన్స్‌ని వదులుకున్న మిన్నెసోటా వైకింగ్స్ మాత్రం శామ్ డార్నల్డ్‌ను ఒక్క ఏడాదికి, కోటి డాలర్లకు తెచ్చుకుంది. డ్రాఫ్ట్‌లో తీసుకున్న కుర్రాడు జె.జె. మెకార్తీ ఆగస్టులోనే మోకాలి గాయంతో సీజన్‌కి దూరమైనా, డార్నల్డ్‌తో 14 మ్యాచ్‌లు గెలిచింది. అంత గెలుపు ఎవరూ ఊహించలేదు, నిజమే. కానీ అతను ఆడకపోయినా వాళ్లకు పోయేది ఒక్క ఏడాది. కాబట్టి కాంట్రాక్టు మొత్తం పక్కన పెట్టి గ్యారంటీ ఎంతో, అది ఏ ఏడాదితో ఆగుతుందో చూడండి.

ముప్పై అయిదు దాటినవాడైతే మెడికల్ రిపోర్టు చదివి ఊరుకోవద్దు, అతని వెనకాల ఎవరున్నారో చూడండి. 2023 సెప్టెంబర్ 11న న్యూజెర్సీలో ఆరన్ రాడ్జర్స్ జెండా పట్టుకుని మైదానంలోకి పరిగెత్తుకొచ్చాడు. స్టేడియం ఊగిపోయింది. న్యూయార్క్ జెట్స్ తరఫున మొదటి మ్యాచ్, అందులో నాలుగో ప్లేకే శాక్ అయ్యాడు, అంటే బంతి విసిరేలోపే పడేశారు. లేచి నిలబడ్డాడు, మళ్లీ నెమ్మదిగా గడ్డి మీద కూర్చుండిపోయాడు. అకిలిస్ టెండన్ తెగింది, సీజన్ అయిపోయింది. ఆ మ్యాచ్ జెట్స్ గెలిచింది కానీ, ఎవరి మీద నమ్మకం పోయి రాడ్జర్స్‌ని తెచ్చుకున్నారో ఆ జాక్ విల్సన్‌నే మళ్లీ దించాల్సి వచ్చింది. నన్నడిగితే అసలు తప్పు అదే.

చేతిలో బలం ఉందా లేదా అనేది అందరూ చూస్తారు. బంతిని ఎంత భద్రంగా ఉంచుతాడో మాత్రం హైలైట్స్‌లో కనబడదు. 2023 నవంబర్‌లో ఇంట్లో ఖాళీగా ఉన్న 38 ఏళ్ల జో ఫ్లాకోని క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ పిలిచింది. అయిదు మ్యాచ్‌ల్లో నాలుగు గెలిపించాడు, 13 టచ్‌డౌన్లు విసిరాడు. అదే అయిదింట్లో 8 ఇంటర్‌సెప్షన్లు కూడా ఇచ్చాడు, అంటే విసిరిన బంతి ఎదుటి జట్టు చేతికి పోయింది. ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్ వాటిలాంటివే రెండు పట్టుకుని నేరుగా టచ్‌డౌన్‌కి పరిగెత్తింది. స్కోరు 45-14.

కోచ్ భాష తెలిసినవాడైతే సగం టెన్షన్ తగ్గుతుంది. 2020లో ఫిలిప్ రివర్స్ ఇండియానాపోలిస్ కోల్ట్స్ జట్టుకి వచ్చేసరికి అక్కడి కోచ్ ఫ్రాంక్ రైక్ అతనికి శాన్ డియాగో రోజుల నుంచీ తెలుసు. ఆ ఒక్క ఏడాది ఒప్పందంలో 11 మ్యాచ్‌లు గెలిచారు.

చివరగా, కుర్రాడు సిద్ధమైతే నువ్వు పక్కకి తప్పుకోవాలి అనే మాట సంతకానికి ముందే చెప్పేయండి. 2020లో మయామీ రెండు వరస గెలుపుల తర్వాత సీనియర్ ర్యాన్ ఫిట్జ్‌పాట్రిక్‌ను ఆపి కుర్రాడు టువా టాగోవైలోవాని దించింది. మనసు విరిగిపోయిందని ఫిట్జ్‌పాట్రిక్ విలేకరుల ముందే చెప్పుకున్నాడు. 2017లో కాన్సస్ సిటీలో అలెక్స్ స్మిత్ మాత్రం తన కుర్చీ కోసమే తెచ్చిన ప్యాట్రిక్ మహోమ్స్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మ్యాచ్‌కి ఎలా తయారవ్వాలో చూపించాడు. ఆ ఏడాది మహోమ్స్ ఆడింది ఒక్క మ్యాచే, ప్లేఆఫ్స్‌కి ముందు లీగ్ దశలో ఆఖరిది, డెన్వర్‌లో.