జర్మన్ బోధనను వృత్తిగా ఎంచుకునేవారికి

హైదరాబాదులో జర్మన్ ఉపాధ్యాయులుగా స్థిరపడదలచినవారు, ఏ1 నుండి సీ2 వరకు ఉన్న ఆరు ఐరోపా భాషా నైపుణ్య స్థాయులలో సీ1 సాధించిన తరువాతనే తరగతి గదిలో అడుగుపెట్టడం మేలు. బోధనా పద్ధతుల కోసం జర్మనీ సాంస్కృతిక సంస్థ అయిన గోథె సంస్థ వారి ‘డాయిచ్ లేరన్ లెర్నన్’ (జర్మన్ బోధించడం నేర్చుకోవడం) వంటి శిక్షణ తీసుకోవాలి. విశ్వవిద్యాలయ కొలువు కోరేవారు ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) వంటి చోట ఎం.ఏ. చదివి, అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ రాయాలి.

సంస్కృతిని పండుగల చిత్రాలతో సరిపెట్టకండి. ‘డు’, ‘జీ’ సంబోధనలను మన ‘నువ్వు’, ‘మీరు’లతో పోల్చి, ఆ పోలిక ఎక్కడ చెల్లదో కూడా చూపించినప్పుడే, అంటే జర్మన్ పిల్లలు తాతగారిని సైతం ‘డు’ అనే పిలుస్తారని చెప్పినప్పుడే (తరగతిలో నవ్వులు ఖాయం), విద్యార్థికి ఆ సమాజం కొంత అర్థమవుతుంది.

గంటల లెక్కన జీతమిచ్చే సంస్థలో చేరేముందు, జవాబుపత్రాలు దిద్దే సమయానికి కూడా వేతనం ఉందో లేదో రాతపూర్వకంగా తేల్చుకోండి.